గురువారం మిషను మోగలేదు

టైలరమ్మకి అన్నిటికన్నా పెద్ద భయం, పిల్ల ఇంట్లో ఉండగానే పోవడం.

బయట తప్పిపోయిన పిల్ల కోసం తిరగడానికి వీధులుంటాయి, అడగడానికి మనుషులుంటారు. మిషను దగ్గర తన మోకాలికి నాలుగడుగుల దూరంలో, చాప మీద బోర్లా పడుకుని కాళ్ళు ఊపుకుంటున్న పిల్ల పోతే ఎవర్ని అడగాలి? ఈ భయం ఆమెకి మొన్నటిదాకా లేదు. నిన్న, సోమవారం మధ్యాహ్నం మూడు నలభైకి పుట్టింది.

మూడు నలభైకి పైదారం తెగింది. తెగింది కాబట్టి తలెత్తింది. తలెత్తింది కాబట్టి గుమ్మం దగ్గర పిట్ట కనిపించింది. తొమ్మిదేళ్ళ కూతురు, పొట్టిగా సన్నగా ఉంటుందని ఇంట్లో అందరూ పిట్ట అనే పిలుస్తారు. బూట్లు వేసుకుని, వీపున బడి సంచీ తగిలించుకుని, గొళ్ళెం చప్పుడు కాకుండా తీస్తోంది. సెలవుల్లో బడి సంచీ ఏమిటే అని అడిగితే, నిద్రలో నడుస్తున్నవాళ్ళని తట్టి లేపితే చూసినట్టు చూసింది. సంచీలో మంచినీళ్ళ సీసా, రంగు బొత్తాలు గుచ్చి చేసిన దండ ఒకటి. దండ ముత్యానికట. ముత్యం పుట్టినరోజట. నాలుగింటికి బడి గేటు దగ్గరికి రమ్మందట. బడి మూసేసి ఇరవై మూడు రోజులైంది. ఆ గేటు దగ్గర కుక్కపిల్ల కూడా ఉండదు.

ముత్యం అనే పిల్ల ఎవరో టైలరమ్మకి తెలీదు. పిట్టకీ తెలీదు. ముత్యం ఫోన్లో, పిట్ట ఆడే సముద్రం ఆటలో ఉంటుంది.

నాలుగూ మూడుకి ఫోన్లో అక్షరాలు వచ్చాయి. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు టైలరమ్మది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఎందుకు రాలేదు? రేపు నాలుగింటికి తప్పకుండా రా. అమ్మకి చెప్తే సముద్రం ఎండిపోతుంది.

ఆ రాత్రంతా ఆమె రెప్ప వేయలేదు. తెల్లారగానే రెండు పనులు చేసింది. పోలీసు స్టేషనుకి వెళ్ళి చెప్పింది. వచ్చే దారిలో వీధి చివర వాచీల మాస్టారికీ చెప్పింది. ఆయన ముప్ఫై ఏళ్ళు వాచీలు బాగుచేశాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని మానేసి, మనుషులు పోగొట్టుకున్నవి వెతికిపెడుతున్నాడు. ఏ కేసులోనైనా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: అప్పుడు టైమెంత?

మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి స్టేషను ఇన్‌స్పెక్టరూ, మాస్టారూ ఒకేసారి గుమ్మంలో తగిలారు. ఇన్‌స్పెక్టరు మాస్టారిని చూసి మొహం చిట్లించాడు. మాస్టారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ముందుగా గోడ గడియారాన్ని తన చేతి వాచీతో సరిచూసుకున్నాడు. రెండు నిమిషాలు ముందుంది. పుస్తకంలో రాసుకున్నాడు.

గది నిండా నీలం గుడ్డ వేలాడుతోంది. సెలవులంటే బడి పిల్లలకి ఆటలు, టైలరమ్మకి పని. బడులు తెరిచేలోగా అరవై నీలం గౌన్లు ఇవ్వాలి. కత్తిరించిన ముక్కలు తీగ మీద, కిటికీకి అడ్డంగా, మంచం మీద, ఎక్కడపడితే అక్కడ. వాటిలోంచి వడకట్టుకొచ్చిన ఎండ నీలంగా నేల మీద కదులుతుంటే, గది గదంతా ఎప్పుడో నీళ్ళలో మునిగిపోయినట్టు, అందులో తాము నలుగురూ మెల్లగా తేలుతున్నట్టు ఆమెకనిపించింది. నిద్ర లేని కళ్ళకి అన్నీ అలాగే కనిపిస్తాయేమో. మనుషులు పెదాలు కదిపిన ఒక క్షణానికి గానీ మాటలు చెవికి చేరడం లేదు.

ఇన్‌స్పెక్టరు ఫోను తీసుకుని ఆట తెరిచి, పొద్దున స్టేషనులో చదివిన ముత్యం రాతలన్నీ పైకి తోసుకుంటూ మళ్ళీ చదివాడు. చదవడం అయ్యాక దాన్ని అలాగే మిషను బల్ల మీద, కత్తెర పక్కన పెట్టాడు. తెర మీద నీళ్ళు ఊగుతూనే ఉన్నాయి.

తనకి అంతా తెలిసిపోయిందన్నాడు. ముత్యం పిల్ల కాదు, పెద్దమనిషి. దూరంలో లేడు, ఎదురుగానే ఉన్నాడు. కిటికీకి ఎదురుగా బొత్తాల కొట్టు. కొట్లో కూర్చుంటే ఈ మిషను కనిపిస్తుంది. నిన్నటి చివరిది తప్ప ముత్యం రాతలన్నీ తల్లి మిషను ముందు కూర్చున్న వేళల్లోనే వచ్చాయి, లేచిన వేళ ఒక్కటీ లేదు. ఆదివారం కొట్టుకి సెలవు, ఆదివారం ముత్యం లేదు. దండలో బొత్తాలు కూడా ఆ కొట్టువే.

"నా జీపులో కూర్చోబెట్టి వచ్చాను ఆయన్ని. మొదట ఏడ్చాడు, ఇప్పుడు నోరు మెదపడం లేదు" అన్నాడు.

బొత్తాల కొట్టాయన్ని టైలరమ్మ అన్నయ్యా అని పిలుస్తుంది. మిగిలిపోయిన బొత్తాలన్నీ ఒక డబ్బాలో దాచి, మేనకోడలికి ఇమ్మని పంపిస్తాడు. నిన్నటి నుంచీ ఒక్కో మొహాన్నీ తలుచుకుని అనుమానించిన ఆమె, ఆ మొహాన్నీ అనుమానించింది. అందుకు సిగ్గుపడింది కూడా.

మాస్టారు చాప మీద పిట్ట పక్కన చతికిలబడి, జేబులోంచి వెనక మూత లేని పాత వాచీ తీసి పిల్ల అరచేతిలో పెట్టాడు. చిన్న చిన్న చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకుంటున్నాయి. పిట్ట నిన్నటి నుంచి మొదటిసారి కళ్ళు పెద్దవి చేసింది.

ముత్యం గురించి ఆయన అడగలేదు, సముద్రం గురించి అడిగాడు. పిల్ల చెప్పుకుంటూ పోయింది. అక్కడ నీళ్ళ అడుగున ఇల్లు కట్టుకోవచ్చు. గవ్వలతో గోడలు, నాచుతో పరుపు. వాళ్ళ ఇంట్లో ముగ్గురే ఉంటారు. ముత్యం, చుక్క అనే ఇంకో పిల్ల, పిట్ట. ముత్యం పెద్దది, పదకొండేళ్ళు. దాని మైకు పాడైపోయింది, అందుకని రాస్తుందే గానీ మాట్లాడదు. మిగతా ఇద్దరూ మైకు తెరిచే ఉంచాలి. మూస్తే సముద్రం వినబడదని ముత్యం చెప్పింది.

"పొద్దున్న వస్తుందా ముత్యం?"

రాదు. భోజనాలయ్యాకే.

"సాయంత్రం?"

నాలుగు దాటితే నిద్రొస్తుందంటుంది.

మాస్టారు పుస్తకం తిరగేసి, పొద్దున ఫోన్లోంచి ఎక్కించుకున్న ఇరవై మూడు రోజుల టైములూ చూశాడు. ఏ రోజూ రెండూ ఇరవైకి ముందు లేదు, నాలుగూ ఐదు తర్వాత లేదు. సెలవుల్లో ఉన్న పిల్లకి ఇంత క్రమం ఎక్కడిదమ్మా, అన్నాడు టైలరమ్మ వైపు తిరిగి. సెలవుల్లో పిల్లలు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు తింటారో తల్లికే తెలీదు. ఇలా రావడం, ఇలా పోవడం ఉద్యోగం ఉన్నవాళ్ళకే. ఎక్కడో ఒక కుర్చీ, దాని ముందు ఒక తెర, మధ్యాహ్నం పూట ఎవరూ పట్టించుకోని గంటా నలభై ఐదు నిమిషాలు. అంతవరకూ ఇన్‌స్పెక్టరు గారు కరెక్టే, పెద్దమనిషే.

"అంతవరకూ అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు పిట్టని ఇంకొకటి అడిగాడు. ఫోనుకి తల్లి వేలి తాళం ఉంది కదా. కొత్తది ఏది రావాలన్నా, మైకు తెరవాలన్నా అమ్మ వేలు పెట్టాలి. షాపువాడు అమర్చి ఇచ్చాడు. ఫోన్లో ఉన్న లెక్క ప్రకారం ఈ ఇరవై మూడు రోజుల్లో అమ్మ వేలు పదకొండుసార్లు పడింది. ఎలా పడింది?

పిట్ట వాచీ చక్రాలని చూస్తూనే చెప్పింది. "అమ్మ మిషను తొక్కేటప్పుడు అడగమంది ముత్యం. అప్పుడైతే చూడకుండా పెట్టేస్తుందంది."

టైలరమ్మకి ఆ పదకొండు మధ్యాహ్నాలూ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. కుడిచేత్తో గుడ్డ తోస్తూ, కాళ్ళతో తొక్కుతూ, కుట్టు వంకరపోతుందేమోనన్న ధ్యాసలో ఉంటే పక్క నుంచి చిన్న గొంతు. అమ్మా, వేలు. ఎడమ బొటనవేలు చాపేది. ఏదో చల్లగా తగిలేది. అంతే. సూది వైపు నుంచి కళ్ళు తిప్పేది కాదు. ఫోన్లో రాసి ఉన్నది ఎలాగూ గబగబా చదవలేదు, చదవలేనిదాన్ని చూసి ఏం లాభమని అనుకునేది. తాళం ఉంది కదా అని ధైర్యంగా కుట్టుకుంది. తాళంచెవి తన చేతికే అతుక్కుని ఉందని, అది తనే చాపుతోందని తోచనేలేదు.

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. రెండూ ముప్ఫై ఐదు. మిషను మీదికి వంగి, జేబులోంచి మడిచిన కాగితం తీసి విప్పాడు. గొంతు తగ్గించి మాట్లాడడం ఆయనకి రాదు. పక్కింటికి కూడా వినబడేలా చెప్పాడు: ఇవాళ నాలుగింటికి పిల్లని బడి గేటు దగ్గరికి పంపాలి. తన మనుషులు నలుగురు మామూలు బట్టల్లో చుట్టూ ఉంటారు. కొట్టాయన జీపులో ఉన్నాడు కాబట్టి ఎవరూ రారు, దాంతో వాడేనని తేలిపోతుంది. వస్తే వచ్చినవాడు దొరుకుతాడు. ఎలాగైనా మనకే మంచిది. తల్లి ఒప్పుకున్నట్టు ఒక్క సంతకం కావాలి.

"ఏమీ లేదమ్మా, చదవక్కర్లేదు. రాయడం ఇబ్బందైతే ఇక్కడ వేలు పెట్టు చాలు" అని సిరా డబ్బా కూడా తీశాడు.

ఆమె ఎడమచెయ్యి అలవాటుగా లేచింది. బొటనవేలు ముందుకు చాపుకుని మరీ లేచింది. నీళ్ళలో ఎవరి చెయ్యో తేలుతున్నట్టు తన చేతిని తనే చూసింది. పన్నెండో వేలిముద్ర.

చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"చదివి వినిపించండి. మెల్లగా" అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. చదివితే మాత్రం నీకేం అర్థమవుతుందమ్మా అన్నాడు. ఇంతసేపూ నెమ్మదిగా ఉన్న మాస్టారు అప్పుడు లేచి నిలబడ్డాడు.

"అర్థమయ్యేదాకా చదవండి బాబూ. మనం పురుగుని ఇస్తున్నామా గాలానికి?"

"వాచీలకి కీ ఇచ్చినంత తేలిక కాదు మాస్టారూ కేసంటే."

"నిజమే. వాచీ నడవకపోతే నడవడం లేదని ఒప్పుకుంటుంది. మీ ఊహ ఒప్పుకోవడం లేదు."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. అయితే నిరూపించమన్నాడు. మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి అడ్డంగా ఉన్న నీలం గుడ్డ పక్కకి జరిపాడు. ఎదురుగా కొట్టు, కొట్లోంచి చూస్తే మిషను ముందు కూర్చున్న మనిషి తలా భుజాలూ కనబడతాయి. నిజమే. తర్వాత మిషను కిందికి వంగి తోలు బెల్టు మీద వేలు రాశాడు. బెల్టు కొత్తగా, ఇంకా గట్టిగా ఉంది.

ఇది ఎప్పుడు మార్చావు తల్లీ, అని అడిగాడు.

టైలరమ్మ గుర్తు చేసుకుంది. పోయిన గురువారం పొద్దున్నే తెగింది. శుక్రవారం పొద్దున కొత్తది వేసింది, ఎదురుకొట్టు అన్నయ్యే తెచ్చి ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఖాళీగా కూర్చోలేక, ఇదే స్టూలు మీద ఇక్కడే కూర్చుని, రెండింటి నుంచి ఐదింటిదాకా గౌన్ల అంచులు చేత్తో కుట్టింది.

మాస్టారు పుస్తకం విప్పి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు. గురువారం గడి ఖాళీ.

"కిటికీలోంచి చూసేవాడికి గురువారం కూడా ఈమె మిషను ముందే ఉంది. మూడు గంటలు. వాడు రావాలి కదా. ఎందుకు రాలేదు?"

ఇన్‌స్పెక్టరు ఖాళీ గడి మీద వేలు పెట్టి చూశాడు.

గురువారం లేనిది మనిషి కాదు, చప్పుడు, అన్నాడు మాస్టారు. ఆదివారం ఈమె కుట్టదు, ఆ రోజు లేనిదీ చప్పుడే. ముత్యం ఈ ఇంటిని చూడడం లేదు, వింటోంది. మిషను మోగితే తల్లి కళ్ళు సూది మీద ఉన్నాయని దానికి తెలుసు. ఆగితే తల్లి తల ఎత్తిందని తెలుసు. వినడానికి ఎదురుకొట్టు అక్కర్లేదు, ఈ వీధి అక్కర్లేదు, ఈ ఊరే అక్కర్లేదు.

ఆ మాట చెబుతూ చెబుతూ మాస్టారు ఆగిపోయాడు. ఆయన చూపు మిషను బల్ల మీద నిలిచింది. కత్తెర పక్కన ఫోను. తెర మీద నీళ్ళు మెల్లగా ఊగుతున్నాయి. పైన మూలన ఆవగింజంత పచ్చ దీపం వెలుగుతోంది.

ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. బల్ల మీది టైలరు సుద్ద తీసి, కత్తిరించిన నీలం గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాశాడు. టైలరమ్మ కూడబలుక్కుంది. మై-కు. తె-రి-చి. ఉం-ది.

గోడ గడియారంలో రెండూ నలభై ఎనిమిది. రెండు నిమిషాలు తీసేస్తే రెండూ నలభై ఆరు. ముత్యం లేచి ఇరవై ఆరు నిమిషాలైంది. బడి గేటు, మామూలు బట్టల్లో నలుగురు మనుషులు, జీపులో కొట్టాయన, గురువారం బెల్టు, అన్నీ ఆ ఇరవై ఆరు నిమిషాల్లోనే పైకి అన్నారు. ఇన్‌స్పెక్టరు తన గొంతుని తనే పట్టుకున్నాడు.

మాస్టారు రెండో మాట రాశాడు. తొక్కు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. పాదాలు మామూలు చోట్లో పడ్డాయి. మిషను కదిలింది. ఇరవై మూడు రోజులుగా ఆ చప్పుడు తన ఒక్కదానిదే అనుకుంది. పిట్టకి ఊయల వయసులో ఈ చప్పుడే జోలపాట. ఇప్పుడు కూడా పిట్ట అలవాటుగా ఒరిగి, మాస్టారి వాచీ గుప్పెట్లో ఉంచుకునే నీలం గుడ్డల కుప్ప మీద కళ్ళు మూసింది. ఎక్కడో ఇంకో చెవి కూడా ఇదే చప్పుడు వింటోంది. దారం లేని సూది గుడ్డలోకి దిగుతూ లేస్తూ ఉంటే, తను తొక్కుతున్నది మిషను కాదని, ఏదో లోతైన చోటికి మెట్లు దిగుతున్నానని అనిపించింది టైలరమ్మకి.

నిమిషం గడిచింది. తెర మీద బుడగలు లేచాయి. సముద్రం ఇంట్లో ముగ్గురికీ కనబడేలా ముత్యం రాసింది.

పిట్ట వాళ్ళింట్లో చుట్టాలొచ్చారు. పెద్ద గొంతు మామయ్య. దానికి ఇవాళ కుదరదు.

ఇంకో బుడగ.

చుక్కా, నువ్వు రా. నాలుగింటికి. మీ బడి గేటు దగ్గరికి.

దాని కింద వెంటనే, ఎదురుచూస్తున్న పిల్ల రాసినట్టు, ఒక నవ్వుబొమ్మ పడింది. చుక్కది.

మాస్టారు ఫోను తీసి, చప్పుడు మొత్తం పెంచి, మిషను ఆపకు అని సైగ చేశాడు. టైలరమ్మ మెల్లగా, ఇంకా మెల్లగా తొక్కింది. ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి తలలు వంచారు. చుక్క మైకు కూడా తెరిచే ఉంది. ఎక్కడిదో ఒక గది నెమ్మదిగా ఈ గదిలోకి వచ్చి నిలబడింది. ఫ్యాను తిరుగుతోంది, మూడో చుట్టుకోసారి కిర్రుమంటోంది. పిల్ల ఒకటి ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తోంది. బూటు నేలకేసి తట్టి తొడుక్కున్న చప్పుడు. కాస్త దూరంలో, తలుపుకి అవతల, ఎవరో పెద్దవాళ్ళు సన్నగా దగ్గారు. ఆ తర్వాత కాగితం చప్పుడు. ఎవరో తీరిగ్గా పుస్తకంలో పేజీ తిప్పారు.

సముద్రం ఆరిపోయింది. ముత్యం పిట్టని ఇంట్లోంచి తీసేసింది. రెండూ యాభై ఒకటి.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు కాగితం నాలుగు మడతలు చేసి, చింపి జేబులో వేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే బయటికి వెళ్ళి బొత్తాల కొట్టాయన్ని జీపులోంచి దింపాడు. ఊళ్ళో ఉన్న బడి గేట్లన్నిటికీ మనుషుల్ని పంపమని ఫోను చేశాడు, ఈసారి గొంతు తగ్గించి. ఆట నడిపే కంపెనీ వాళ్ళు చుక్క వివరాలు రేపు పొద్దుటికి గానీ ఇవ్వలేమన్నారు. ఇవన్నీ అయ్యేసరికి నాలుగింటికి ఇంకా యాభై నిమిషాలుంది. చుక్కది ఈ ఊరేనని ఎవరు చెప్పగలరు? అసలు ఏ బడి? మాస్టారు పుస్తకంలో చుక్క పేరు రాసి, దాని పక్కన ఏం రాయాలో తెలీక కలం పట్టుకుని కూర్చున్నాడు.

టైలరమ్మ మిషను ఆపింది. లేచి, ఆ నాలుగడుగులూ నడిచి, గుడ్డల కుప్ప మీద నిద్రపోతున్న పిట్ట నుదుటి మీద ఎడమచెయ్యి వేసింది. పిల్ల వెచ్చగా ఉంది. ఉంది. ఎక్కడో ఇంకో తల్లికో తండ్రికో కూడా నాలుగడుగుల దూరంలోనే పిల్ల ఉంది, బూట్లు తొడుక్కుని ఉంది. వాళ్ళకి కేకేసి చెబుదామంటే ఏ వైపు తిరిగి కేకెయ్యాలో ఆమెకి తెలీలేదు.

చుక్క ఎవరింటి పిల్లో ఇది రాసేటప్పటికి తెలీదు. ఫ్యాను మూడో చుట్టుకి కిర్రుమంటుందని తెలుసు. పక్కగదిలో ఎవరో పుస్తకం చదువుకుంటున్నారని తెలుసు. చదువుతున్న మీరు, ఈ పేజీ తిప్పకుండా ఇలాగే బోర్లించి, ఒక్కసారి లేచి పక్కగదిలోకి వెళ్ళి, పిల్ల ఉందో లేదో చూసి రండి.